కాడి దించే వేళ

ఈ సంవత్సరం సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, సైన్సు చదివేవాణ్ణి గనుక నక్షత్రాల గురించో, పరమాణువుల గురించో రాస్తాననుకుని వుంటారు. నేను మాత్రం నిబ్బరం గురించి రాయదలచుకున్నాను. అందులోనూ కాస్త భౌతికశాస్త్రం లేకపోలేదు. చివరిదాకా చదివితే తమకే తెలుస్తుంది.

నిబ్బరం అనే మాట మా పల్లెల్లో పాతదే. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, చేతికొచ్చిన పంట పోయినప్పుడు, ఊళ్ళో పెద్దవాళ్ళు వచ్చి భుజం మీద చెయ్యివేసి "నిబ్బరంగా వుండు నాయనా" అంటారు. అన్నవాళ్ళు అంతటితో లేచిపోరు. ఒకరు పొయ్యి వెలిగిస్తారు. ఒకరు గొడ్లకు మేత వేస్తారు. ఇంకొకరు నాలుగు రోజులపాటు ఆ ఇంటి అరుగు మీదే పడుకుంటారు. ఆ చాకిరీ అంతా వెనక వుంది గనుకనే ఆ మాటకు అంత బలం.

ఈ మధ్య అదే మాట సూటూ బూటూ తొడుక్కుని ఉద్యోగాల లోకంలోకి వచ్చింది. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, కంపెనీల్లో "రెజిలియెన్స్" అంటున్నారు. ఎంత ఒత్తిడి వచ్చినా తట్టుకుని మళ్ళీ లేచి నిలబడే గుణమట. మంచి గుణమే, కాదనలేము. అయితే అక్కడ ఆ మాట చెప్పేవారు గంటసేపు చెప్పి, టీ తాగి, కారెక్కి వెళ్ళిపోతారు. పొయ్యి వెలిగించేవారు, మేత వేసేవారు కనపడరు. ఈ తేడా ఎంతటిదో మా అక్క ఉద్యోగం చూశాక నాకు తెలిసింది.

మాది పల్నాడులో ఒక చిన్న ఊరు. రెండెకరాల నల్లరేగడి సొంతం, మరో రెండెకరాలు కౌలు. మిరప, పత్తి వేస్తాం. ట్రాక్టర్లు వచ్చినా మిరప సాళ్ళ మధ్య గుంటక తోలడానికి ఒక జత ఎద్దుల్ని మా నాన్న ఇంకా వుంచుకున్నాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి మా అక్క. బ్యాంకులో అప్పు తీసుకుని నర్సింగ్ చదివింది. పట్నంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. పేరెందుకు లెండి, ఇలాంటివి చాలా వున్నాయి. మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు టార్చిలైటు, నాకు సైంటిఫిక్ కాలిక్యులేటరు కొన్నది. ఆ కాలిక్యులేటరుతోనే నేను ఇప్పటికీ లెక్కలు చేస్తున్నాను.

మూడేళ్ళు గడిచాయి. 2025 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు, ఒక రోజు పొద్దున్నే చెప్పాపెట్టకుండా అక్క బస్సు దిగింది. చేతిలో ఒక సంచి. నేనూ అప్పుడు సెలవులకు ఇంట్లోనే వున్నాను. "ఎన్నాళ్ళు సెలవమ్మా?" అని అమ్మ అడిగితే, "తెలీదు" అంది. లోపలికి వెళ్ళి పడుకుంది. ఆ పగలు, ఆ రాత్రి, మరునాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. అమ్మ మూడుసార్లు వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చింది.

అక్క చేసే వార్డులో రాత్రిపూట పధ్నాలుగు మంది రోగులకు తను ఒక్కతే నర్సు, తోడు ఒక ఆయా. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. దిగవలసినామె రాకపోతే ఇంకో నాలుగు గంటలు. ఇంజక్షన్లు, సెలైన్లు, బీపీ చూడటం ఒక ఎత్తు. చేసిన ప్రతి పనినీ కాగితం మీద ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి రాయడం మరొక ఎత్తు. ఉద్యోగంలో చేరిన రెండో వారంలోనే తనను ఒంటరిగా రాత్రి డ్యూటీకి వేశారు.

డిసెంబరులో ఒక రాత్రి మూడు గంటలకు ఒక ముసలాయన పోయాడు. పదకొండు రోజులుగా అక్కే ఆయనకు మందులిచ్చింది. "అమ్మాయ్, మీ ఊళ్ళో మిరప ఎట్లా వుంది?" అని రోజూ అడిగేవాడట. ఆయన పోయిన పది నిమిషాలకు పక్క మంచం ఆయనకు ఇంజక్షను వేళ అయింది. అక్క చేతులు కడుక్కుని వెళ్ళి ఇంజక్షను చేసింది. తరువాత ఏం జరిగిందో తను చెప్పిన మాటల్లోనే రాస్తాను. "ఏడుపు వచ్చిందంటే బాగుండేదిరా తమ్ముడూ. ఏమీ రాలేదు. ఆయన మంచం మీద దుప్పటి మారుస్తూ, ఈ మంచానికి ఇంకోళ్ళు వస్తారు, మళ్ళీ ఫారాలన్నీ రాయాలి అనుకున్నాను. నాకు వచ్చింది ఆ ఆలోచన ఒక్కటే. అప్పుడు నా మీద నాకే భయమేసింది."

ఈ స్థితికి ఒక పేరున్నది. బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని వివరించింది. లక్షణాలు మూడు. ఒంట్లో శక్తంతా ఇంకిపోవడం, చేసే పనికి మనసు దూరమైపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనిపించడం. గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ సంస్థ దీన్ని జబ్బుల్లో చేర్చలేదు. వృత్తికి సంబంధించిన పరిస్థితి అన్నది. పనిచేసే చోట ఎడతెగకుండా వుండే ఒత్తిడిని సరిగా చక్కబెట్టకపోవడం వల్ల కలిగేదని రాసింది. అంటే దీని మూలాలు వెతకవలసింది పనిచేసేవారి గుండెలో మాత్రమే కాదు, పనిచేసే చోటులో కూడా.

అక్క ఆసుపత్రి వారు ఏమీ చేయలేదని అనను. నవంబరులో నర్సులందరికీ ఒక పూట శిక్షణ పెట్టారు. 'ఒత్తిడిని జయించడం ఎలా?' అన్నది అంశం. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళను ఇంటికి పోనీయకుండా అక్కడే కూర్చోబెట్టారు. సగం మంది కునికిపాట్లు. వచ్చిన పెద్దమనిషి గాలి లోపలికి పీల్చమన్నాడు, వదలమన్నాడు. తలా ఒక రబ్బరు బంతి ఇచ్చి, "దీన్ని ఎంత నొక్కినా మళ్ళీ యథాస్థితికి వస్తుంది చూశారా, మనం ఇలా వుండాలి" అన్నాడట. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా! అందరూ చప్పట్లు కొట్టి, సంతకాలు పెట్టి, సాయంత్రం మళ్ళీ డ్యూటీకి ఎక్కారు. ఆ బంతిని అక్క సంచిలో వేసుకుని వచ్చింది. ఇప్పుడది మా పక్కింటి పిల్లాడి దగ్గర వుంది. దానివల్ల లాభం పొందినవాడు వాడొక్కడే.

ఇక్కడ నా చదువును కొంచెం రంగంలోకి దించుతాను. రబ్బరు కంటే ఉక్కుకు స్థితిస్థాపకత ఎక్కువ అని ఇంటర్మీడియట్ పుస్తకంలోనే చదువుకున్నాం. విన్నవాళ్ళు మొదట నమ్మరు. సాగేదాన్నే గొప్ప అనుకోవడం మనకు అలవాటు. కానీ శాస్త్రం అడిగేది, ఎంత సాగిందని కాదు, ఎంత బరువుకు ఎంత సాగిందని. ఆ లెక్కలో ప్రతిబలం అనే మాట వస్తుంది. ఇంగ్లీషులో దాని పేరు స్ట్రెస్సే. బరువును తీగ మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం వస్తుంది. అదే బరువును ఒక తీగకు బదులు అలాంటి రెండు తీగలకు పంచి వేలాడదీస్తే ప్రతి తీగలోనూ ప్రతిబలం సగమవుతుంది. తీగ మారలేదు, దాని గుణం మారలేదు. తీగలను కూర్చోబెట్టి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ప్రతి పదార్థానికీ ఒక స్థితిస్థాపక అవధి వుంటుంది. ఆ అవధి దాటి లాగితే, బరువు తీసేసినా తీగ మొదటి పొడవుకు రాదు. అవధి లోపలే అయినా, తెరపి లేకుండా లాగుతూ వదులుతూ వుంటే దాని స్థితిస్థాపకత తగ్గుతుంది. చాలాకాలం వాడిన వంతెనలు ఎందుకు క్షేమకరం కావు అని పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న వస్తుందే, దాని జవాబు ఇదే. తీగలకూ అలసట వుందని చూపినవాడు విలియం థామ్సన్. తరువాతి కాలంలో కెల్విన్ ప్రభువు అయింది ఈయనే. 1865లో లోహాల మీద తన ప్రయోగాలను ప్రకటిస్తూ ఒక విచిత్రం చెప్పాడు. రోజుల తరబడి ఊగిస్తూ వచ్చిన తీగ, వదిలేస్తే త్వరగా ఆగిపోయింది. కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చిన తీగ, ఒకసారి కదిపి వదిలితే ఎక్కువసేపు ఊగింది. ప్రాణం లేని లోహానికే విశ్రాంతితో సత్తువ తిరిగి వస్తుంటే, మనిషి సంగతి వేరే చెప్పాలా?

మా నాన్న ఏడో తరగతితో చదువు ఆపాడు. కెల్విన్ పేరు విన్నవాడు కాదు. అక్క సంగతి విన్నాక రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోనాడు కొట్టంలో పేడ ఎత్తుతూ నాతో అన్నాడు. "ఎద్దు మెడ పుండు పడితే ఎద్దుకు ధైర్యం చెబుతామట్రా? కాడి దించుతాం. పుండు మానిందాకా కట్టం. మానినాక కూడా వెంటనే కట్టం. కాడి ఎక్కడ రాస్తందో చూసి, అక్కడ చెక్కి, అప్పుడు కడతాం. దాన్ని పట్టుకుని గట్టిగా వుండు, గట్టిగా వుండు అంటే ఏం లాభం?"

ఆ పూట నాన్న చెప్పినవి మరికొన్ని వున్నాయి. కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు తోడుగా అనుభవమున్న ఎద్దును కడతారు. రెండు కోడెల్ని ఒకే కాడికి కట్టరు. అక్కను రెండో వారంలోనే రాత్రి వార్డులో ఒంటరిగా వదిలిన సంగతి విని, "మన కోడెకున్న మర్యాద కూడా లేకపాయె" అని ముఖం తిప్పుకున్నాడు. ఎండ ముదిరితే గుంటక విప్పుతారు. కనుమ నాడు ఎద్దులకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కడుపునిండా మేత పెడతారు. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. కూలీకి కూడా వారానికో సెలవు కావాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాసుకున్నాం. ఎద్దుకు సెలవు కావాలని మనవాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందే పండుగలో కలిపి పెట్టారు. దయవల్లనే అనుకోనక్కరలేదు. సంవత్సరం పొడుగునా పనిచేసే ఎద్దు కావాలంటే అది తప్పదని రైతుకు తెలుసు.

అప్పుడు మా కల్లంలో మొదటి కోత కాయలు ఎండుతున్నాయి. తాలుకాయలు ఏరడానికి పదిమంది ఆడవాళ్ళు వచ్చేవారు. ఆ యేడు ధర బాగా పడిపోయింది. తరువాత కొన్ని వారాలకు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలు మిరపకు 11,781 రూపాయలు ధర నిర్ణయించింది. అంతటి దిగులు ఇంట్లో వుండగానే అక్క ఒకరోజు లేచి వెళ్ళి ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని కాయలు ఏరడం మొదలుపెట్టింది. "నువ్వెందుకమ్మా, చేతులు మండుతయ్యి" అన్నారు వాళ్ళు. వినలేదు. మొదటి రోజు మాటలు లేవు. రెండో రోజు ఒకామె తన కొడుకు సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటుకు వచ్చిన నీళ్ళో, కొడుకు మీద వచ్చిన నీళ్ళో ఎవరూ అడగలేదు. మూడో రోజు అక్క ఆ ముసలాయన సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. కాయలు ఏరుతూనే విన్నారు. పక్కనున్నామె అక్క ముందున్న కుప్పలోంచి కొన్ని కాయలు తన వైపు లాక్కుని ఏరసాగింది.

ఆ చిన్న పని నేను కళ్ళారా చూశాను. చాలా రోజులు దాన్ని గురించే ఆలోచించాను. ఆ ఆడవాళ్ళ బతుకుల్లో ఒత్తిడి లేదా? మా అక్క కంటే పదింతలు వుంది. ఎండలో నడుము వంచిన పని, చాలీచాలని కూలి, ఇంటికి పోతే మళ్ళీ పొయ్యి. దాన్ని గొప్ప జీవితమని నేను రాస్తే అబద్ధమవుతుంది. కానీ పనిచేస్తున్నంతసేపూ వాళ్ళు ఒకరికొకరు కనపడుతూ వుంటారు. ఒకామె వెనకబడితే పక్కామె సాయం పడుతుంది. నీళ్ళు తాగడానికి లేస్తే ఎవరి అనుమతీ అక్కరలేదు. అక్క వార్డులో పధ్నాలుగు మంచాలు, గంటకొకసారి మోగే ఫోను. తన కుప్పలోంచి నాలుగు కాయలు లాక్కునే మనిషి లేదు.

మా నాన్నకూ అలాంటి ఒంటరి సంవత్సరం ఒకటి వచ్చింది. 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదట కనిపించిన నల్ల తామరపురుగు, 2021-22లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద పడింది. పూతలోనే చేరి తినేసింది. చెట్టు పచ్చగా వుంది, కాయ లేదు. ఏ మందుకూ లొంగలేదు. ఆ యేడు నాన్న రాత్రి అన్నం తిన్నాక టార్చిలైటు తీసుకుని పొలం పోయి గట్టు మీద కూర్చునేవాడు. అమ్మ ఆయనకు ధైర్యం చెప్పలేదు. "నువ్వూ పోయి నాన్న పక్కన కూకో. ఏమీ అడగబాకు" అని రోజూ నన్ను పంపేది. నేను అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. అడగకుండా కూర్చునేవాణ్ణి. ఇద్దరం చీకట్లో కీచురాళ్ళ చప్పుడు వింటూ వుండేవాళ్ళం.

ఆయన్ని నిలబెట్టింది మాత్రం ఆ కూర్చోవడం ఒక్కటే కాదు. మా వీధిలో అలాగే నష్టపోయిన మరో నలుగురు రైతులు, నాన్న కలిసి ఐదుగురూ గుంటూరులో పెట్టుబడి ఇచ్చిన కమీషను వ్యాపారి దగ్గరకు వెళ్ళారు. వచ్చే పంటదాకా గడువు తెచ్చుకున్నారు. కౌలు భూముల ఆసాముల్ని కలిసి ఆ యేటి కౌలులో సగం తగ్గించుకున్నారు. "ఒక్కణ్ణే అయితే ఆ గడప తొక్కేవాణ్ణి కాదు" అంటాడు నాన్న ఇప్పటికీ. అందరికీ ఆ దారి దొరకదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద వ్యవసాయం మీద బతికేవారిలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. వీళ్ళంతా నిబ్బరం లేనివాళ్ళని అనగలమా? ఎండనూ, వాననూ, అప్పునూ యేళ్ళ తరబడి మోసినవాళ్ళు. వారి ఓర్పు గురించి మాట్లాడే ముందు వారి మీద పడిన బరువు గురించి, వారి పక్కన ఎవరున్నారన్న దాని గురించి మాట్లాడటం న్యాయం.

ఇదంతా నా ఊరి జ్ఞానమే కాదు. మళ్ళీ కళాశాలకు వచ్చాక గ్రంథాలయంలో వెతికితే నర్సుల మీదనే జరిగిన పరిశోధనలు కనిపించాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల్లో, పదివేల మందికి పైగా నర్సుల్ని అడిగి లిండా ఐకెన్ బృందం 2002లో ఒక ఫలితం ప్రకటించింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ఆ నర్సు బర్నవుట్‌కు లోనయ్యే 'ఆడ్స్' 23 శాతం చొప్పున ఎక్కువగా వున్నాయి. శస్త్రచికిత్స చేయించుకున్న రోగి 30 రోజుల్లోపు మరణించే 'ఆడ్స్' 7 శాతం చొప్పున ఎక్కువగా వున్నాయి. గణాంకశాస్త్రం చదివే మిత్రులకు ఆ మాట అర్థం తెలుసు. తక్కినవారికి చెప్పేదేమంటే, నర్సు మీద బరువు పెరిగితే నర్సుకూ చేటే, రోగికీ చేటే. కాలిఫోర్నియా రాష్ట్రం ఒక నర్సుకు ఇంతమంది రోగులకు మించకూడదని 1999లో చట్టం చేసి, 2004 నుంచి అమలు చేసింది. బరువును వైశాల్యంతో భాగించమని తీగల దగ్గర నేర్చుకున్న సూత్రమే, చట్టం రూపంలో ఆసుపత్రికి వచ్చింది.

మన దేశంలో కూడా కొంత కదలిక వుంది. 2016లో సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద వుంది. మా అక్క చేరినప్పుడు ఆమె చేతికి వచ్చిన జీతం అంతకంటే తక్కువ. ఆమె ఆసుపత్రి యాభై పడకలది కాదు, అంతకు చాలా రెట్లు పెద్దది.

అక్క పద్దెనిమిది రోజులు ఇంట్లో వుంది. కనుమ వెళ్ళింది. నిద్ర కుదుటపడింది. అన్నం తినడం మొదలుపెట్టింది. ఇక వెళ్ళవద్దని అమ్మ పట్టుపట్టింది. బ్యాంకు అప్పు ఇంకా వుంది. అది ఒక కారణం. ఇంకో కారణం అక్కే చెప్పింది: "ఆ పని నాకిష్టమే అమ్మా. అట్లా చేయడం ఇష్టం లేదు." వెళ్ళేముందు రోజు తనతో పనిచేసే మరో నలుగురితో ఫోనులో మాట్లాడి, నా నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం చింపి, మూడు కోరికలు రాసింది. వరుస రాత్రి డ్యూటీల తరువాత ఇచ్చే సెలవును చివరి నిమిషంలో రద్దు చేయకూడదు. రాత్రి తిండికి అరగంట, ఆ అరగంటలో పక్క వార్డు నర్సు ఈ వార్డు కూడా చూడాలి. రోగి ఎవరైనా పోతే, చూసిన నర్సుకు పది నిమిషాలు కూర్చునే వీలు ఇవ్వాలి. ఐదుగురూ సంతకాలు చేసి నర్సింగ్ సూపరింటెండెంటు గారికి ఇచ్చారు.

రెండోది వెంటనే ఒప్పుకున్నారు. మొదటిది చాలావరకు జరుగుతోంది. మూడోది రూల్సులో లేదన్నారు. అయినా వాళ్ళలో వాళ్ళు అమలు చేసుకుంటున్నారు. ఒకరి వార్డులో మరణం జరిగితే పక్క వార్డు ఆమె వచ్చి, "నువ్వు పో, నేను చూస్తాను" అంటుందట. రోగుల సంఖ్య మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ పధ్నాలుగే. ఆ సంగతి దాచి కథ సుఖాంతం చేయను. అయితే ఈసారి దసరాకు వచ్చినప్పుడు అక్క నిద్రపోవడానికి రాలేదు. బతుకుతున్న రోగుల కబుర్లు తెచ్చింది. ఒక పిల్ల డిశ్చార్జి అయి వెళుతూ తన చేతికి గాజు తొడిగిందట, అది చూపించింది.

గాలి పీల్చడం, వదలడం వట్టిదేనని నేను అనడం లేదు. అక్క ఇప్పటికీ డ్యూటీ ఎక్కే ముందు రెండు నిమిషాలు అలా చేస్తుంది, బాగుంటుందంటుంది. మనసు మరీ కుంగిపోతే, బతకాలనిపించకపోతే, అది పక్కవాళ్ళ సానుభూతితో తీరేది కాదు, వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిందే. జ్వరానికి వెళ్ళినట్లే వెళ్ళాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే సహాయ కేంద్రానికి 14416 నెంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. హాస్టలు గది తలుపుల వెనక రాసి పెట్టుకోదగిన నెంబరు. నా గది తలుపు వెనక రాశాను. నా గది మిత్రుడు నవ్వాడు గానీ, చెరపలేదు.

మిత్రులారా, వచ్చే యేడాదికో ఆ పై యేడాదికో మనలో చాలామంది ఏదో ఒక కాడి కిందకు వెళ్ళవలసినవాళ్ళమే. లాబొరేటరీ కావచ్చు, బడి కావచ్చు, బ్యాంకు కావచ్చు, కంపెనీ కావచ్చు. పని అంటే భయపడమని నేను చెప్పడం లేదు. రైతు బిడ్డగా పుట్టి ఆ మాట అంటే మా నాన్న ఇంట్లోకి రానివ్వడు. చేరిన చోట మొదటి నెలలోనే మూడు సంగతులు గమనించమంటున్నాను. ఈ బరువును ఎంతమంది మోస్తున్నారు? కాడి దించే వేళ ఒకటి వుందా, వుంటే దాన్ని పాటిస్తున్నారా? నా కుప్పలోంచి నాలుగు కాయలు లాక్కునే మనిషి పక్కన వున్నారా? లేకపోతే అడగండి. ఒక్కరే అడగలేకపోతే ఐదుగురు కలిసి ఒక తెల్లకాగితం మీద రాయండి. ఇంకొన్నేళ్ళకు మనలోనే కొందరు అధికారులవుతారు. అప్పుడు కింద పనిచేసేవారికి నిబ్బరం గురించి ఉపన్యాసం ఏర్పాటు చేసే ముందు, కాడి ఎక్కడ రాస్తున్నదో వంగి చూడండి. చెక్కవలసిన చోట చెక్కండి. ఉపన్యాసం ఆ తరువాత పెట్టుకోవచ్చు.